పొరుగు దీవికి దూరపు దారి

తూర్పు కరీబియన్ సముద్రంలో వర్జిన్ దీవుల నుండి ట్రినిడాడ్ వరకు విల్లులా వంగిన దీవుల వరుసలో, ఆకాశం తేటపడిన రోజున ఒక దీవి ఒడ్డున నిలబడినవారికి పక్క దీవి కొండలు కంటికి ఆనే చోట్లు చాలా ఉన్నాయి. సెయింట్ లూసియా ఉత్తర కొన నుండి మార్టినిక్, డొమినికా ఉత్తర తీరం నుండి గ్వాడెలూప్ అలా కనిపించేవే. అయినా చదువుకో వైద్యానికో, పెళ్లికో చావుకో ఒక దీవి నుండి మరొక దీవికి బయలుదేరే సామాన్యుడికి, అనేక సందర్భాల్లో అమెరికాలోని మయామీ నగరానికి చేరడం కన్నా పొరుగు దీవికి చేరడమే ఎక్కువ ఖర్చుతో, ఎక్కువ అనిశ్చితితో కూడిన పనిగా ఉంటుంది. ఈ తిప్పలకు సముద్రమే కారణమని పైకి అనిపిస్తుంది గాని, ఆ ప్రాంతపు చరిత్రను కొంచెం తిరగేస్తే సముద్రం మీద మోపవలసిన నేరం తక్కువేనని తెలుస్తుంది.

రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం విని పెరిగిన తెలుగు శ్రోతలకు బ్రిడ్జ్‌టౌన్, కింగ్‌స్టన్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్, సెయింట్ జాన్స్ అనే పేర్లు కొత్తవి కావు. అయితే అవి ఒకే జట్టు ఆడే మైదానాలుగా గుర్తున్నంతగా, నాలుగు వేర్వేరు దేశాల రాజధానులుగా గుర్తుండకపోవచ్చు. వెస్టిండీస్ అనే పేరుతో ప్రపంచ పటంలో దేశమేదీ లేదు. బార్బడోస్ విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు, సెయింట్ విన్సెంట్ దానికి చెందిన గ్రెనడీన్ చిన్న దీవులతో కలిపి సుమారు 390, గ్రెనడా సుమారు 344. అంటే తెలుగునాట రెండు మూడు మండలాలు కలిపినంత నేల మీద ఒక్కొక్క పార్లమెంటు, ఒక్కొక్క పాస్‌పోర్టు, ఒక్కొక్క కస్టమ్స్ శాఖ, ఒక్కొక్క వలస తనిఖీ బల్ల వెలసి ఉన్నాయి. ఈ దీవుల పిల్లలు చాలావరకు కరీబియన్ పరీక్షా మండలి నిర్వహించే ఒకే ప్రశ్నపత్రం రాస్తారు, 1948లో జమైకాలోని మోనాలో ఆరంభమై ఇప్పుడు ట్రినిడాడ్, బార్బడోస్, ఆంటిగ్వాల్లో కూడా ప్రాంగణాలున్న ఒకే విశ్వవిద్యాలయంలో చదువుతారు, ఒకే క్రికెట్ జట్టు గెలుపోటములకు సంతోషపడి దుఃఖిస్తారు. కాని ఆ విశ్వవిద్యాలయంలో చేరడానికి బయలుదేరిన విద్యార్థి మాత్రం విదేశానికి వెళ్లే ప్రయాణికుడుగానే లెక్కకు వస్తాడు.

ఈ విడివిడి బతుకు తప్పనిసరిగా వచ్చిపడినది కాదు. 1958 జనవరిలో బ్రిటిష్ పాలనలోని పది భూభాగాలు కలిసి వెస్టిండీస్ సమాఖ్యగా, అంటే ఉమ్మడి కేంద్ర ప్రభుత్వం కింద ఉండే రాష్ట్రాల కూటమిగా ఏర్పడ్డాయి. దీవుల మధ్య ప్రజలూ సరుకులూ తిరగడానికి కెనడా 1961లో ఫెడరల్ పామ్, ఫెడరల్ మేపుల్ అనే రెండు ఓడలను ఆ సమాఖ్యకు బహుమతిగా ఇచ్చింది. జమైకా నుండి ట్రినిడాడ్ వరకు మధ్య దీవుల రేవులను తాకుతూ సాగిన ఆ ఓడలలో కోళ్ల గంపలతో ఎక్కిన చిరువ్యాపారులూ, పెట్టెబేడాతో ఎక్కిన విద్యార్థులూ కలిసి ప్రయాణించారు. కాని ఓడలు వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, జమైకా ప్రజలు జనాభిప్రాయ సేకరణలో సమాఖ్య నుండి వైదొలగాలని తీర్పు ఇచ్చారు. పెద్ద దీవి వెళ్లిపోయాక మిగిలినవారి భారం మోయడానికి ట్రినిడాడ్ నాయకుడూ చరిత్రకారుడూ అయిన ఎరిక్ విలియమ్స్ సిద్ధపడలేదు. 1962 మే 31న సమాఖ్య రద్దయింది. దేశం పోయాక కూడా దాని పేరు మోసిన ఓడలు మరికొన్నేళ్లు తిరిగాయి, ఆ తరువాత అవీ అమ్ముడైపోయాయి. ఆ ఓడలతోపాటు పోయినది ఒక రవాణా సౌకర్యం మాత్రమేనని అనుకోవడం పొరపాటు. దీవుల మధ్య రాకపోకలు ఉమ్మడి ఖజానా చెల్లించవలసిన ఖర్చు అనే భావన కూడా వాటితోనే పోయింది.

ఓడల స్థానాన్ని క్రమంగా ఆక్రమించిన చిన్న విమానాల కథ లియాట్ అనే సంస్థ కథే. లీవర్డ్ దీవుల వాయు రవాణా సంస్థ అనే పూర్తి పేరుకు పొట్టి రూపమైన ఈ లియాట్‌ను 1956లో మాంట్‌సెరాట్ దీవిలో ఫ్రాంక్ డెలీల్ అనే వ్యక్తి ఒక చిన్న పైపర్ అపాచీ విమానంతో, ఆంటిగ్వాకూ మాంట్‌సెరాట్‌కూ మధ్య నడపడానికి స్థాపించాడు. 1970ల ఆరంభంలో అది ఒక బ్రిటిష్ సంస్థ చేతికి వెళ్లి, 1974లో ఆ సంస్థ దివాలా తీయగా, పదకొండు కరీబియన్ ప్రభుత్వాలు కలిసి దానిని నిలబెట్టుకున్నాయి. పుట్టిన దీవికి మాత్రం లియాట్ విమానం చివరికి దూరమే అయింది. మాంట్‌సెరాట్‌లోని సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం 1995లో మేల్కొని 1997లో అక్కడి విమానాశ్రయాన్ని మింగివేయగా, జనాభాలో అత్యధికులు వలస వెళ్లిపోగా, మిగిలినవారికి 2005లో ఆరువందల మీటర్లకు మించని రన్‌వే ఉన్న కొత్త విమానాశ్రయం దక్కింది గాని అంత పొట్టి నేల మీద దిగగలిగినవి చాలా చిన్న విమానాలే.

లియాట్ విమానం ఆలస్యానికి మారుపేరు కావడం వెనుక సిబ్బంది అలసత్వం కన్నా గణితమే ఎక్కువగా ఉంది. ఒకే విమానం తెల్లవారుజామున ఆంటిగ్వాలో లేచి డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, బార్బడోస్ వరుసగా తాకుతూ సాయంత్రానికి తిరిగి వచ్చే ఏర్పాటులో ప్రతి మజిలీ అరగంట, ముప్పావు గంట ఎగురుడే; పొద్దున మొదటి మజిలీలో కమ్మిన మబ్బో, సరిపడని ఒక విడిభాగమో తెచ్చిన అరగంట జాప్యం ఒక్కొక్క దీవిలో పెరుగుతూ పోయి, చివరి విమానాశ్రయం రాత్రికి మూతపడే వేళ దాటిందంటే ఆ దీవి ప్రయాణికులు మధ్య దారిలో ఏదో ఒక బెంచీ మీద తెల్లవారవలసిందే. దూరం తక్కువైన కొద్దీ ఖర్చు తగ్గాలని సామాన్య బుద్ధికి తోస్తుంది. విమానానికి మాత్రం నేల విడిచేటప్పుడూ పైకి ఎగబాకేటప్పుడూ కాలే ఇంధనం, దిగిన ప్రతిచోటా కట్టే రుసుము, ప్రతి దిగుడుతో అరిగే చక్రాలూ యంత్రాలూ కలిపి లెక్కిస్తే పొట్టి ప్రయాణంలోనే కిలోమీటరుకు ఎక్కువ ఖర్చు. పైగా ఎక్కేవారి సంఖ్య తక్కువ. ఈ నష్టాన్ని భరించే బాధ్యత కాలక్రమేణా ప్రధానంగా బార్బడోస్, ఆంటిగ్వా, సెయింట్ విన్సెంట్, డొమినికా ప్రభుత్వాల మీదే మిగిలింది. తమ నేల మీద ఆ విమానాలు దిగుతున్నా పైసా పెట్టని పొరుగు ప్రభుత్వాల మీద ఈ నాలుగింటి గొణుగుడు ఏళ్ల తరబడి వినిపించింది, అందులో న్యాయం కూడా ఉంది.

ఈ మధ్యలో 2000లో అలెన్ స్టాన్‌ఫర్డ్ అనే టెక్సస్ ధనవంతుడు కరీబియన్ స్టార్ అనే పోటీ సంస్థను పెట్టి ధరల యుద్ధం సాగించాడు. కొన్నేళ్లపాటు దీవులవాసులు చవకగా తిరిగారు, రెండు సంస్థలూ నష్టపోయాయి. 2007లో కరీబియన్ స్టార్‌ను లియాట్ కలుపుకోగానే పోటీ పోయి టిక్కెట్టు ధరలు పెరిగాయి. క్రికెట్ అభిమానులు ఈ స్టాన్‌ఫర్డ్‌నే 2008 నవంబరులో ఆంటిగ్వాలో రెండు కోట్ల డాలర్ల పందెంతో ఇంగ్లండ్ జట్టుపై ఇరవై ఓవర్ల ఆట పెట్టినవాడుగా ఎరుగుదురు. మోసపు పెట్టుబడుల నేరం మీద 2012లో అమెరికా న్యాయస్థానం అతనికి 110 ఏళ్ల జైలుశిక్ష విధించింది. ఒక ప్రాంతపు ప్రయాణ సౌకర్యం పరాయి ధనవంతుడి సరదాపై ఆధారపడితే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఈ అగచాట్ల నడుమ దీవులవాసులు నోరు మూసుకుని ఊరుకోలేదు. లియాట్ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు వారు లీవ్ ఐలాండ్ ఎనీ టైమ్ అని, అంటే దీవిని ఎప్పుడు పడితే అప్పుడు వదిలేదని, లగేజ్ ఇన్ అనదర్ టెర్మినల్ అని, అంటే సామాను మరెక్కడో దిగిందని విస్తరించి చెప్పుకున్నారు. ట్రినిడాడ్ కేంద్రంగా 2006 దాకా నడిచిన బి.డబ్ల్యు.ఐ.ఎ. సంస్థకు బట్ విల్ ఇట్ అరైవ్, అంటే ఇంతకీ వస్తుందా అనే అర్థం కట్టారు. 2013లో ఒక ప్రయాణికుడు బ్రిటిష్ వర్జిన్ దీవుల పత్రికలో లియాట్‌కు రాసిన వ్యంగ్య లేఖ, ఒకే రోజు ఇన్ని విమానాశ్రయాలు చూపించి, ప్రతిచోటా భద్రతా సిబ్బందితో ఒళ్లు తడిమించినందుకు ధన్యవాదాలు అర్పిస్తూ సాగగా, ఆ దీవుల్లోనే సొంత దీవి గల రిచర్డ్ బ్రాన్సన్ దానిని ప్రపంచానికి పంచిపెట్టాడు. నవ్వు పుట్టించిన ఆ లేఖలోని ఫిర్యాదు వాస్తవమైనదే. దారిలో తాకే దీవి తన గమ్యం కాకపోయినా ప్రయాణికుడు సామానుతో దిగి, తనిఖీ చేయించుకుని, మళ్లీ అదే విమానం ఎక్కవలసి రావడం అక్కడ చాలాకాలం మామూలు విషయం. ఈ ఛలోక్తులన్నీ ఒక విమాన సంస్థ మీద వేసినవిగా కనిపిస్తాయి. నిజానికి వాటి బరువంతా 1962లో కూలిన దేశం మీద పడవలసినదని భావించడానికి బలమైన కారణాలున్నాయి.

విమానం దిగినంత మాత్రాన ప్రయాణం ముగియదు. సెయింట్ లూసియాలో పొరుగు దీవుల చిన్న విమానాలు రాజధాని కాస్ట్రీస్ పక్కనే ఉత్తరాన దిగుతుండగా, లండన్, న్యూయార్కు విమానాలు దక్షిణ కొనలోని హ్యూనోరాలో దిగుతాయి. ఒకదాని నుండి మరొకదానికి మారవలసినవారు కొండదారిలో గంట, గంటన్నర మలుపులు తిరగాలి. డొమినికా విమానాశ్రయం ఈశాన్యంలో ఉంటే రాజధాని రోజో నైరుతిలో ఉంది, మధ్యలో అడవి కొండలు. సెయింట్ విన్సెంట్‌లో పెద్ద విమానం దిగగల రన్‌వే 2017 ఫిబ్రవరిలో ఆర్గైల్‌లో తెరిచేవరకు లేనే లేదు. ఇక ఊళ్లలోపల తిరిగేది మినీబస్సుల మీద. నంబరు పలకపై ఉన్న రెండు అక్షరాల వల్ల జెడ్.ఆర్. అని పిలువబడే బార్బడోస్ తెల్ల వ్యాన్లూ, ఏ ప్రాంతానివో తెలిపే రంగుచారలు గల ట్రినిడాడ్ మ్యాక్సీ టాక్సీలూ సాధారణంగా నిండితేగాని కదలవు, కదిలాక ఆగమన్నచోట ఆగుతాయి. విమానంతో పోలిస్తే ఇది ఎంతో నమ్మదగిన వ్యవస్థ.

టిక్కెట్టు ధరలో ఎగిరే ఖర్చు ఎంత, ప్రభుత్వాల పన్ను ఎంత అని విడదీసి చూస్తే మరొక విషయం బయటపడుతుంది. బయలుదేరే దీవి, చేరే దీవి రెండూ పన్నులు, విమానాశ్రయ రుసుములు, భద్రతా రుసుములు వేస్తాయి. బార్బడోస్ ఒక్కటే 2018 అక్టోబరు నుండి తన నేల నుండి బయలుదేరే ప్రయాణికుడిపై అప్పటికే ఉన్న రుసుముకు తోడు, క్యారికామ్ అనే కరీబియన్ కూటమి దేశాలకైతే 35 అమెరికన్ డాలర్లు, ఆ వెలుపలికైతే 70 డాలర్లు అదనంగా విధించింది. వారం రోజుల సెలవుకు లండన్ నుండి వచ్చే పర్యాటకుడి మొత్తం ఖర్చులో ఈ పన్ను లెక్కకు రాదు. సెయింట్ విన్సెంట్‌లో అక్క బిడ్డ పెళ్లికి వెళ్లే బార్బడోస్ బడిపంతులుకు అదే పెద్ద బరువు. పర్యాటకుడిని ఉద్దేశించి వేసిన పన్ను పొరుగువాడిని కొట్టడమంటే ఇదే.

డబ్బు మార్పిడి తంటా దీనికి అదనం. ఆంటిగ్వా నుండి గ్రెనడా వరకు ఎనిమిది భూభాగాలు ఉమ్మడిగా వాడే తూర్పు కరీబియన్ డాలరు 1976 నుండి ఒక అమెరికన్ డాలరుకు 2.70 చొప్పున స్థిరంగా ఉండడం ఈ ప్రాంతపు అరుదైన ఉమ్మడి విజయం; కాని బార్బడోస్, ట్రినిడాడ్, జమైకా, గయానాలకు వేర్వేరు నాణేలున్నాయి, ఒకదాని నోటు మరొకచోట అంగడిలో సాధారణంగా చెల్లదు, మార్చిన ప్రతిసారీ కొంత కరిగిపోతుంది.

వలస తనిఖీ బల్ల ముందు జరిగే అవమానం ఖర్చు కన్నా ఎక్కువగా గుచ్చుకుంటుంది. 1973లో చాగరామస్ ఒప్పందంతో ఏర్పడిన ఆ క్యారికామ్ కూటమి తన సభ్యదేశాల పౌరులు ఒకరి దేశంలో మరొకరు ఆరు నెలలు ఉండవచ్చునని 2007లో నిర్ణయించింది. అయినా 2011లో బార్బడోస్ విమానాశ్రయంలో దిగిన ఒక జమైకా యువతిని అధికారులు నిర్బంధించి, అనుచితంగా తనిఖీ చేసి, మరునాడు వెనక్కి పంపివేశారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కేంద్రంగా పనిచేసే కరీబియన్ న్యాయస్థానం 2013 అక్టోబరులో ఆమెకు నష్టపరిహారం ఇప్పిస్తూ, ఆరు నెలల ప్రవేశం పౌరుల హక్కేనని, దానిని కాదనాలంటే కారణం లిఖితపూర్వకంగా తెలపాలని తీర్పు చెప్పింది. న్యాయపరంగా ఇది గొప్ప తీర్పు. ఆచరణలో దీవులవాసి ఇప్పటికీ తిరుగు టిక్కెట్టూ, బస చేసే ఇంటి చిరునామా కాగితమూ చేతిలో పట్టుకునే ఆ బల్ల ముందు నిలబడుతున్నాడు.

దూరదేశాల వీసాల సంగతి మరీ విచిత్రం. తూర్పు కరీబియన్ దీవుల పౌరులకు అమెరికా వీసా ఇంటర్వ్యూ జరిగేది బ్రిడ్జ్‌టౌన్ రాయబార కార్యాలయంలో. కనుక సెయింట్ కిట్స్ వాసి అమెరికా వెళ్లడానికి అనుమతి అడగడానికే ముందుగా మరొక దేశానికి విమానమెక్కాలి, బస వెదుక్కోవాలి, కాదంటే ఆ ఖర్చంతా నీటిపాలు చేసుకుని తిరిగి రావాలి. అమెరికా నేల మీద విమానం మారడానికి కూడా వీసా అవసరం కావడంతో, మయామీయో శాన్ హ్వానో మీదుగా పొరుగుకు వెళ్లే దారి వీసా లేనివారికి మూసుకుపోతుంది. వైద్యవిద్య కోసం ఆ దీవులకు వెళ్లే తెలుగు విద్యార్థులకు కూడా ఈ మెలిక టిక్కెట్టు కొనే దశలోనే ఎదురవుతుంది.

దీనికి తోడు కొన్ని చిన్న దేశాలు పెట్టుబడి పెట్టిన విదేశీయులకు పౌరసత్వం అమ్ముకునే పద్ధతిని చేపట్టాయి. 1984లో సెయింట్ కిట్స్ మొదలుపెట్టిన ఈ వ్యాపారం తరువాత డొమినికా, ఆంటిగ్వా, గ్రెనడా, సెయింట్ లూసియాలకు పాకింది. చెరకు పోయి, అరటి పోయి, తుపానులకు ఇళ్లు పోయిన దేశాలకు ఆ ఆదాయం ఎంత అవసరమో కాదనలేము. 2017 సెప్టెంబరులో మరియా తుపాను దాదాపు ప్రతి ఇంటి కప్పునూ దెబ్బతీసిన డొమినికా పునర్నిర్మాణానికి ఆ సొమ్మే ముఖ్యమైన ఆసరా అయింది. అయితే కొనుక్కున్న పాస్‌పోర్టుల భయంతో కెనడా 2014లో సెయింట్ కిట్స్ పౌరులకూ, 2017లో ఆంటిగ్వా పౌరులకూ, బ్రిటన్ 2023లో డొమినికా పౌరులకూ వీసా లేని ప్రవేశాన్ని రద్దు చేశాయి. పాస్‌పోర్టు కొన్న ధనవంతుడికి మరొక పాస్‌పోర్టు ఎలాగూ ఉంటుంది. టొరంటోలోని కూతురి కానుపుకు వెళ్లవలసిన ఆంటిగ్వా తల్లికి ఉన్నది అదొక్కటే.

ప్రయాణం ఇంత కష్టమైన చోట మనుషులకు బదులు వస్తువులు ప్రయాణిస్తాయి. న్యూయార్కు, టొరంటో, లండన్ నగరాల్లో పనిచేసే బంధువులు బియ్యం, నూనె, డబ్బా చేపలు, బడి బూట్లు, సబ్బులు మనిషి నడుమెత్తు పీపాలో నెలల తరబడి కొంచెం కొంచెంగా నింపి ఓడకెత్తిస్తారు. రేవులో ఆ పీపాను విడిపించుకోవడానికి వరుసలో నిలబడడం, గుమాస్తా ముందు మూత తీసి చూపించడం, సుంకం కట్టడం ప్రతి కుటుంబానికీ తెలిసిన పని. క్రిస్మస్ ముందు కొన్ని ప్రభుత్వాలు పీపాల మీద సుంకం మినహాయిస్తాయి, ఆ వార్త కోసం ఇంటింటా ఎదురుచూస్తారు. తల్లిదండ్రులు విదేశంలో ఉండగా పీపాల ద్వారానే వారి ప్రేమను అందుకుంటూ పెరిగిన పిల్లలను జమైకాలో పీపా పిల్లలని పిలుస్తారు. ఇలా మయామీ నుండి సరుకుల పెట్టె దీవికి వారం వారం వస్తుండగా, సెయింట్ విన్సెంట్ కందగడ్డలూ డొమినికా పండ్లూ పొరుగు దీవి బజారుకు చేరాలంటే హక్‌స్టర్లు అనే చిరువ్యాపారులు, వారిలోనూ ఎక్కువగా స్త్రీలు, చిన్న పడవల్లో వాటిని మోసుకుపోవాలి. ఓడల దారులు వలస పాలనలో పంచదార బయటికి వెళ్లడానికి గీసినవి. అవి ఇంకా బయటివైపుకే తిరిగి ఉన్నాయి.

సముద్రం కన్నా సరిహద్దే పెద్ద అడ్డంకి అనడానికి ట్రినిడాడ్, టొబేగోల మధ్య రవాణా తగిన నిదర్శనం. అవి రెండూ ఒకే దేశం; కనుక వాటి మధ్య తిరిగే ఓడలకూ, అరగంటలోపు ప్రయాణమైన విమానాలకూ ప్రభుత్వం రాయితీ ఇస్తుంది, ఆ విమాన సేవను వంతెన అని పిలుచుకుంటుంది. 2017లో సరుకుల ఓడ ఒకటి సేవ మానుకుని టొబేగో అంగళ్లు వెలవెలబోయినప్పుడు అది పార్లమెంటును కుదిపిన రాజకీయ సంక్షోభమైంది. అదే పొరుగు దేశమైన గ్రెనడాకు విమానం రద్దయితే ఏ పార్లమెంటులోనూ ఎవరూ లేచి నిలబడరు.

గోడలు తీసివేస్తే ఏమవుతుందో ఒకసారి రుజువైంది కూడా. 2007 ప్రపంచ కప్ క్రికెట్ కోసం పది దేశాలు ఫిబ్రవరి 1 నుండి మే 15 వరకు ఉమ్మడి ప్రయాణ ప్రాంతంగా మారాయి. మొదటి దేశంలో దిగినప్పుడు ఒక్కసారి తనిఖీ జరిగితే చాలు, తరువాత దీవి నుండి దీవికి స్వదేశంలోలాగా తిరగవచ్చు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి మొదటి దశలోనే ఇంటిముఖం పట్టిన భారత జట్టు అభిమానులకు ఆ పోటీ చేదు జ్ఞాపకమే గాని, అక్కడి ప్రజలకు ఆ మూడున్నర నెలలు తాము పోగొట్టుకున్న దేశం ఎలా ఉండేదో రుచి చూపాయి. ఆట ముగిసిన కొద్ది రోజులకే బల్లలు తిరిగి వెలిశాయి. అతిథుల కోసం సాధ్యమైనది ఇంటివారి కోసం ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్నకు ప్రభుత్వాలు భద్రత అని, ఖర్చు అని జవాబు చెప్పాయి. ఆ జవాబులు అంతగా నమ్మించేవి కావు.

2020లో మహమ్మారి రాకతో లియాట్ పాత రూపంలో కూలిపోయింది, ఉద్యోగులు బకాయిల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2024లో ఆంటిగ్వా ప్రభుత్వం నైజీరియాకు చెందిన ఎయిర్ పీస్ సంస్థ భాగస్వామ్యంతో లియాట్ 2020 పేరిట దానిని మళ్లీ ఎగిరించింది. మధ్యలో ఏర్పడిన ఖాళీని అనేక చిన్న సంస్థలు కొంత కొంత పూరించినా, ఎగతాళి చేసిన ఆ పాత విమానం విలువ అది లేనప్పుడే చాలామందికి తెలిసింది. 2025 అక్టోబరు 1 నుండి బార్బడోస్, బెలీజ్, డొమినికా, సెయింట్ విన్సెంట్ ఒక అడుగు ముందుకు వేసి, తమ పౌరులు ఈ నాలుగింటిలో ఎక్కడైనా అనుమతి పత్రాల అవసరం లేకుండా స్థిరపడి పనిచేసుకోవచ్చునని ప్రకటించాయి. ఇన్నేళ్ల తరువాత వచ్చిన అసలైన మార్పు ఇదే. అయితే బెలీజ్ మధ్య అమెరికా తీరాన, బార్బడోస్‌కు చాలా దూరంగా ఉంది. ఆ రెండింటి మధ్య ప్రయాణం తరచుగా పనామా మీదుగానో మయామీ మీదుగానో సాగుతుంది గనుక, మయామీ దారి పట్టే బెలీజ్ పౌరుడు తన కొత్త హక్కును వాడుకోవడానికి ముందుగా అమెరికా వీసా సంపాదించుకోవాలి.